పాత బండిలే

సెమిస్టర్ సెలవుల్లో ఉదయగిరి ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతున్నా. సెస్నా 172తో గాల్లో పల్టీ కొట్టించి, ఆ వీడియో మా పెదనాన్న కొడుక్కి పంపా. అన్న పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. లైక్ వస్తుందనుకుంటే ఫోనే వచ్చింది.

"ఏంది అబ్బయా, ఆ విమానం దానికి చేసిందేనా?"

నార్మల్ కేటగిరీలో సెస్నా 172 లిమిట్ 3.8 జీ అంట. అంటే విమానం బరువుకి 3.8 రెట్ల లోడు. పల్టీల కోసమే కట్టిన సెస్నా 152 ఏరోబాట్‌కి 6 జీ. చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

"పల్టీ సరిగ్గా కొడితే అంత లోడు పడదు కదన్నా?" అన్నా. నెట్‌లో చదివిన తెలివి!

"సరిగ్గా కొడితే. సగంలో ముక్కు కిందికి పడితే స్పీడు సెకన్లలో ఎర్రగీత దాటతాది. భయంతో కంట్రోల్ లాగుతావు. రెక్క పొయ్యేది అప్పుడే."

2010 మార్చి 3న బేగంపేట ఎయిర్‌షోలో నేవీ వాళ్ల కిరణ్ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. విన్యాసాలకి పనికొచ్చే విమానం, రోజూ సాధన చేసే మనుషులు. అయినా అట్లా జరిగిందని గుర్తుచేశాడు.

తర్వాత ఇంకోమాట అన్నాడు. "లిమిట్ దాటగానే విరగదురా, ఒకటిన్నర రెట్ల దాకా ఆగేట్టు కడతారు. కానీ లోపల వంగొచ్చు, పగులు రావొచ్చు. పల్టీ కొట్టినోడు దిగిపోతాడు, ఎవరికీ చెప్పడు. రేపు అదే విమానం ఇంకో స్టూడెంట్ ఎక్కుతాడు."

నాకు మాట రాలేదు.

పోయిన వేసవిలో రీల్ కోసం నాయన బండిని చెరువుకట్ట మీదనుంచి మూడుసార్లు ఎగిరించా. బండికి ఏమీ కాలేదనుకున్నా. శుభ్రంగా తుడిచి స్టాండ్ వేశా. వారానికి నాయన ఆత్మకూరు పోతూ, ఊరి దగ్గర బ్రేక్ వేస్తే బండి పక్కకి లాగేసి పడ్డాడు. మోచెయ్యి విరిగింది. ఆత్మకూరు మెకానిక్ ముందు ఫోర్కు చూసి, "ఇది పడితే వంగింది కాదు, ఎవరో ఎగిరించారు" అన్నాడు. నాయన "పాత బండిలే" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నా.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇది రాయడానికి మూడు రాత్రులు పట్టింది, ఒత్తులు క్లబ్ సీనియర్లు దిద్దారు. నాయన తెలుగే చదువుతాడు. లింక్ ఆయనకి పంపాలి.