చేటచెవుల బండియు, నిరుకు దారియు

మావారు పశ్చిమ గోదావరి జిల్లాలో నొక ఉన్నత పాఠశాలయందు గణితోపాధ్యాయులు. వేసవి సెలవులు వచ్చినచో పుట్టినింటికో, తీర్థమునకో తప్ప వేరు ప్రయాణమెరుగని మేము 2024వ సంవత్సరము మే నెలలో సముద్రములు దాటి అమెరికా దేశమునకు బోయితిమి. మా మరిది యా దేశమున దక్షిణ డకోటా రాష్ట్రములో, ర్యాపిడ్ సిటీ యను పట్టణమునకు పడమటనున్న కొండలలో కాపురముండుటయే యిందులకు గారణము. అమెరికాకు బోయి వచ్చినవారు మిన్నులు ముట్టు మేడలను గూర్చియు, జలపాతములను గూర్చియు దరచుగా వ్రాయుచుందురు. మేమచ్చట ముప్పది దినములుండి ముఖ్యముగా నేర్చుకొనినది యొక బండి చెవులను గూర్చి. సోదరీమణులు నవ్వినను సరియే, తుదవరకు జదువ బ్రార్థన.

మా మరిది యింటి ముంగిట నొక పికప్ ట్రక్కు గలదు. ముందుభాగమున మనుష్యులు కూర్చుండుటకు గదియు, వెనుకభాగమున సామానులకు తెరచిన తొట్టియు గలిగి, నేలకు మిక్కిలి యెత్తుగా నుండు బండి యది. మేమెక్కవలెనన్న మెట్టుపై గాలుమోపి, చీర కుచ్చెళ్లు చేతబట్టి యెక్కవలసివచ్చెను. దానికిరుప్రక్కల రెండు పెద్ద అద్దములు చేటలవలె నిలుచుండెను. మొదటి దినముననే మేము దానికి శూర్పకర్ణుడని పేరు పెట్టితిమి. మా మరిది కుమారుడు, ఎనిమిదేండ్ల బాలుడు, వినాయకునికా పేరుగలదని విని మిక్కిలి సంతసించి, నాటినుండి యాబండిని గణపతి యనియే పిలువసాగెను.

ఇంత పెద్ద అద్దములేలయని మేమడుగగా మా మరిది యింటి వెనుకకు దీసికొనిపోయి యొక ఇంటిబండిని జూపెను. దానిని ట్రైలరందురు. దానిలో మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపు గది కూడ గలవు. సెలవు దినములలో దానిని ట్రక్కునకు దగిలించి లాగుకొనిపోయి యడవులలో విడియుదురు. ఇట్టి ఇంటిబండి వెడల్పు సుమారు ఎనిమిది యడుగులుండును. ట్రక్కు శరీరమో, ఏడడుగులకు లోపు. కావున మామూలు అద్దములలో జూచినచో వెనుకనున్న గోడయే తప్ప దారి కానరాదు. ఆ గోడ నతిక్రమించి చూడవలెనన్న అద్దము ప్రక్కకు జాగవలెను. వెనుక రెండువందల అడుగుల దూరమైనను గనబడునట్లు అద్దముండవలెనని యచ్చటి పెక్కు రాష్ట్రముల శాసనము.

ఆ అద్దములు రెండంతస్తులుగా నుండును. మీది పెద్దది చదునైనది. క్రిందిది చిన్నది, కుంభాకార దర్పణము. చదును అద్దము దూరమును సరిగా జూపును గాని కొంచెము మేరనే చూపును. కుంభాకారము విశాలముగా జూపును గాని వస్తువులను జిన్నవి చేసి, దవ్వున నున్నట్లు భ్రమ పుట్టించును. అందువలన కుడిప్రక్క నుండు కుంభాకారపు అద్దముపై, ఇందు గనబడునవి కనబడుదానికంటె దగ్గరగా నున్నవని యొక హెచ్చరిక చెక్కవలెనని యాదేశపు నియమము. అద్దము తన యబద్ధమును తానే యొప్పుకొనుట మాకు మిక్కిలి నచ్చెను.

ఈ అద్దములను వెలుపలికి లాగవచ్చును, లోనికి నెట్టవచ్చును, అవసరమైనచో చెవులవలె వెనుకకు ముడువవచ్చును. అయినను ఇంటిబండి తగిలింపని దినములలో సయితము వానిని లాగినది లాగినట్లే యుంచి తిరుగువారనేకులు. కొందరు మరచిపోవుదురు, కొందరికి బండి ఠీవిగా నుండును, కొందరు రేపు మరల లాగవలసియుండునుగదా యని యూరకుందురు. మా మరిది యీ మూడవ తెగవాడు.

ఇక దారి సంగతి. అమెరికాలో దారులన్నియు విశాలములని మేము తలచియుంటిమి. రాష్ట్రములను గలుపు మహామార్గములలో నొక్కొక్క వరుస పండ్రెండడుగులుండుట నిజమే. కాని మా మరిది యింటి ముందరి కొండదారి యట్టిది కాదు. పోవునవి, వచ్చునవి రెండును దానిమీదనే; అంచున నడచువారికి బాట లేదు; తారు ముగిసినచోట గులకరాళ్లు, ఆవల గుంట, గుంటకావల దేవదారు చెట్లు. మన కాలువగట్టు దారులే మాకు జ్ఞప్తికి వచ్చినవి.

మేము ప్రతిదినము ప్రొద్దున మైలు దూరము నడచివచ్చుట యలవాటు. అచ్చట బండ్లు కుడిప్రక్కను బోవును గనుక మేమును కుడిప్రక్కనే నడచుచుంటిమి. బండ్లకు వీపు చూపి నడచుట తప్పనియు, బాట లేనిచోట నెడమ యంచున వచ్చు బండ్ల కెదురుగా నడువవలెననియు మాకు దెలియదు. ఎండ చుర్రుమనుచుండుటచే గొడుగు వేసికొనియుంటిమి. ఒకనాడు వెనుకనుండి బండి చప్పుడు వినవచ్చెను. మేము తారు దిగి గులకరాళ్లపై నిలిచితిమి. బండి తన వరుసలోనే, నెమ్మదిగనే వచ్చెను. దాని శరీరము మాకు చాలినంత యెడముగనే పోయెను. కాని మాతల యెత్తున నున్న దాని అద్దము గొడుగును గొట్టెను. గొడుగు చేతినుండి యెగిరి గుంటలో బడెను. కమ్మి యొకటి విరిగెను. చెంపకు గాలి తగిలినది, అద్దము తగులలేదు. జానెడు దూరమున బ్రాణము నిలిచినది.

బండి యాగెను. అందుండి యొక వృద్ధుడు దిగి వణకుచు వచ్చెను. మాకు గలిగిన భయమునకంటె నాతని భయమే హెచ్చుగా గనబడెను. దెబ్బ తగిలినదా యని మాటిమాటికి నడిగెను. తన బండి యొడలెంతయో తనకు గొలతకు దెలియుననియు, చెవులను మరచితిననియు జెప్పి తలవంచుకొనెను. ఆతని బండికి వెనుక నేదియు దగిలించియుండలేదు.

ఇంటికి వచ్చి జరిగినది చెప్పితిమి. మావారు వెంటనే యా వృద్ధునిపై గోపించిరి. మా మరిదియు, ఇట్టివారికి బండి నడపు ననుమతి యీయరాదని కఠినముగా బలికెను. అప్పుడు మా తోడికోడలు కిటికీనుండి ముంగిటకు జూపి, మెల్లగా, "మన గణపతి చెవులు కూడ నాలుగు దినములనుండి చాచియే యున్నవండీ" యనెను. ఎవరును మాటాడలేదు. ఇంటిబండిని ఆదివారమున విప్పిరి. ఆ దినము గురువారము. ఈ నడుమ నా బండియే బాలుని బడికి దీసికొనిపోయినది, అంగడికి బోయినది, ఎన్నిమారులో యెందరి ప్రక్కనుండియో పోయినది.

మధ్యాహ్నము మావారికి గోపము తగ్గి యుపాధ్యాయత్వము మేలుకొనెను. కొలత టేపు, సుద్దముక్కయు దెచ్చి బాలుని వెంటబెట్టుకొని ముంగిటికి బోయిరి. బండి యొడలు సుమారు 80 అంగుళములు. చాచిన అద్దముల కొననుండి కొనకు సుమారు 106 అంగుళములు, అనగా ఎనిమిది యడుగుల పది యంగుళములు. పిదప దారిని గొలిచిరి: అంచునుండి యంచునకు 20 అడుగులు. ఇట్టి బండ్లు రెండెదురైనచో రెంటికిని గలిపి 17 అడుగుల 8 అంగుళములు పోవును. మిగులునది 2 అడుగుల 4 అంగుళములు. దీనిని నడుమ నొక భాగము, ఇరుప్రక్కల రెండు భాగములుగా బంచినచో నొక్కొక్కటి సుమారు తొమ్మిదంగుళములు. బాలుడు లెక్క ముగించి, "మరి పెద్దమ్మ ఎక్కడ నడుచును?" అని యడిగెను. ఆ ప్రశ్నకు టేపులో నుత్తరము లేదు.

మా మరిది యేమియు ననక పోయి రెండద్దములను లోనికి నెట్టివచ్చెను. అది కొన్ని యంగుళముల పని. అరనిమిషమైనను బట్టలేదు.

ఆ వారాంతమున మమ్ము కస్టరు స్టేటు పార్కునకు దీసికొనిపోయిరి. 71,000 ఎకరముల వనమది. అడవిదున్నలు మందలుగా మేయుచు దారికడ్డముగా నిలిచి, తమకు దోచినప్పుడు కదలును. ఈ కొండలను లకోటాజాతివారు పహా సాపా యందురు, నల్లకొండలని యర్థము. ఇవి వారికి బవిత్రభూమి. శిబిరస్థలమున నింటిబండిని విడిచి, మరునాడు ట్రక్కులో నీడిల్స్ హైవే యను దారిన బోయితిమి. నీడిల్స్ అనగా సూదులు. రాతి కొండలు గాలివానలకు నరిగియరిగి సూదులవలె మింటికి మొనలు చాచి నిలిచియున్నవి. వాని నడుమ 14 మైళ్లు మెలికలు తిరుగుచు బోవు దారి యిది, 1922లో బూర్తియయ్యెను. ఆ రాష్ట్రమునకు గవర్నరుగను, పిదప సెనేటరుగను నుండిన పీటర్ నార్బెక్ గారు కాలినడకను, గుర్రముపైనను దిరిగి యీ దారి జాడను దామే నిర్ణయించిరట. ఇచ్చట వేగముగా బోరాదనియు, సగము సొగసు చూడగోరువారు మెల్లగా నడుపవలెననియు, పూర్తిగా జూడగోరువారు దిగి నడువవలెననియు నాయన యభిప్రాయము. సొరంగములను విశాలముగా దొలువక బండిపట్టునంతగనే తొలిపించుటలో నీ తలంపే కనబడుచున్నది.

ఆ సొరంగములలో మిక్కిలి యిరుకైనది సూదిబెజ్జము పేర బరగు నీడిల్స్ ఐ సొరంగము. వెడల్పు 8 అడుగులు. ఎత్తు 9 అడుగుల 9 అంగుళములు. అనగా 96 అంగుళముల ద్వారమున 106 అంగుళముల బండి పోవలెను. బాలుడు లెక్క చెప్పకయే యీ సంగతి గ్రహించి, "నాన్నా, చెవులు!" అని కేకవేసెను. మా మరిది రెండద్దములను బూర్తిగా ముడిచెను. ముడిచినను నిరుప్రక్కల మిగులునది కొలది యంగుళములే.

చెవులు ముడువగనే వేరొక చిక్కు గలిగెను. అద్దములు లేవు గనుక నడపువానికి తన ప్రక్కలేమియు గానరావు. అంతటి బండియందు గూర్చుండి యాతడు గ్రుడ్డివానివలె నాయెను. అప్పుడు మేమును, మా తోడికోడలును దిగితిమి. సొరంగమున కావలినుండి వచ్చుబండ్లు లేవని చూచి యామె కుడిప్రక్కను, మేమెడమప్రక్కను ముందు నిలిచితిమి. మా యూరిలో లారీ వెనుకకు వచ్చునపుడు క్లీనరు కుఱ్ఱవాడు కేకవేయు మాట మాకు దెలిసినదొక్కటియే. "రానీ, రానీ, కొంచెము కుడికి, రానీ!" అనుచు మేము వెనుకకు నడచుచుండగా బండి మాకెదురుగా నంగుళమంగుళముగ వచ్చెను. చల్లని రాతిగోడ యొకప్రక్క, వేడియింజను మరియొకప్రక్క. నడుమ నొకచోట, "ఆగు నాయనా!" యంటిమి. బండి తక్షణమే నిలిచెను. గోడకును ముడిచిన అద్దమునకును నడుమ మా నాలుగువ్రేళ్లు పట్టునంతయే యెడముండెను. మా మరిది మా ముఖమే చూచుచుండెను. అంతకుముందా బండిలో గూర్చున్నప్పు డాతడు మాటలాడుచున్నను చూపు మాత్రమెప్పుడు నద్దములపైననే యుండెడిది.

ఆవలి వెలుగులోనికి వచ్చినపిదప, అచ్చట నిలిచి చూచుచున్న యాత్రికులు చేతులు తట్టిరి. మాకప్పుడు సుందరకాండ స్మరణకు వచ్చెను. సురస నోరు తెరచినకొలది హనుమంతుడు పెరిగి, తుదకు బొటనవ్రేలంతయై యామె నోటం జొచ్చి వెలువడెనుగదా. పెరుగుట యాతనికి బలము. తగ్గుట యాతనికి దెలివి. దారి యొకరిదే కానిచోట రెండవదే దాటించును.

అద్దములు చెడ్డవని మేము చెప్పుటలేదు. ఇంటిబండిని లాగువాడు వెనుక వచ్చువారిని జూడకున్న గొప్ప యపాయము. తిరుగుప్రయాణమున నా అద్దములనే చాచుకొని, వెనుకవచ్చు బండ్లకు దోవయిచ్చుచు మా మరిది మమ్ము క్షేమముగా నిలు చేర్చెను. కాని తాను చూచుటకై చాచినదే యొరులకు దెబ్బయగుట గలదు. అవసరము తీరినంతనే ముడుచుకొనుట యాతని బాధ్యత. ఇల్లు చేరినవెంటనే, చేతులు కడుగుకొనకమునుపే, ఆతడు వానిని లోనికి నెట్టెను. బాలుడు ప్రక్కన నిలిచి సరిచూచెను.

పిల్లలను జూడ విదేశములకేగు సోదరీమణుల కొకమాట. కొత్తచోట నడువబోవుటకు మునుపు, బండ్లేప్రక్కను బోవునో, నడచువారేప్రక్కను నడువవలెనో యింటివారినడిగి తెలిసికొనుడు. పెద్దబండి వచ్చినప్పుడు దాని చక్రములను మాత్రమే చూచి తొలగిన చాలదు. దాని చెవులను గూడ జూచి తొలగుడు. ఇంట నట్టిబండి యున్నచో చెవులు ముడిచితివా నాయనా యని యొకమారడుగుట నామోషీ కాదు.

మేము బయలుదేరు దినమున నా వృద్ధుడు మా మరిది యింటికి వచ్చి క్రొత్త గొడుగొకటి యిచ్చిపోయెను. ఆతని బండిని జూడ మేమందరము వాకిటికి బోయితిమి. అద్దములు లోనికి నెట్టియుండెను. ఆ గొడుగునే యిప్పుడు మా కాలువగట్టు దారిన వేసికొని నడచుచున్నాము. ఆటోలు, ఇసుకలారీలు, గడ్డిబండ్లు వచ్చునప్పుడు తొలగి నిలుచుచున్నాము. ఇరుకైనచోట మా గొడుగును గూడ ముడుచుచున్నాము.