మాస్కు పట్టీ బిగిస్తే గాలి ఆగదు

గార్ల

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఇక్కడ మిర్చి కల్లాలు మొదలయ్యాయి. ఏ సందులోకి వెళ్లినా తుమ్ములే. ఈ తుమ్ములకూ ఇవాళ నేను రాయబోయే సంగతికీ చుట్టరికం ఉంది, మధ్యలో చెబుతాను.

గురక గురించి రాసినప్పటి నుంచి మీ జాబుల్లో ఒకే మాట తిరుగుతోంది. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి పరీక్ష, చేయించుకున్నాం, డాక్టరు సీప్యాప్ వాడమన్నారు, మిషను కొన్నాం, తీరా మాస్కు దగ్గర చిక్కుపడ్డాం అని. డోర్నకల్ నుంచి ఒక వదినగారు రాసిన జాబు చదివి నవ్వాగలేదు. అన్నగారు మాస్కు పెట్టుకుంటే రాత్రంతా ఈల, తీసేస్తే గురక, ఈ రెండింట్లో తాను దేనికి అలవాటుపడాలో చెప్పమన్నారు ఆవిడ. దేనికీ పడనక్కర్లేదు వదినా. ఈల వేస్తోందంటే మాస్కు అంచు నుంచి గాలి పోతోందని అర్థం. అది సరిచేసుకోగలిగిందే.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు ముక్కలు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ ఆగడం. ఇలా గంటకు ఐదు సార్ల లోపైతే మామూలే. పదిహేను దాటితే మధ్యస్థం, ముప్పై దాటితే తీవ్రం. దీన్ని వట్టి గురకేలే అని వదిలేయకూడదు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మనల్ని ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో చనిపోయినప్పుడు ఆయనకు వైద్యం చేసిన డాక్టర్లు చెప్పిన పేరు ఇదే, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. ఇది పట్నం జబ్బు, లావుపాటివాళ్ల జబ్బు అనుకునేవాళ్లు మన తండాల్లో, గూడేల్లో ఇంకా ఉన్నారు. సన్నగా ఉండి చిన్న దవడ ఉన్నవాళ్లకూ వస్తుంది.

సీప్యాప్ చేసే పని ఒక్కటే. గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి పంపి, మూసుకుపోయే దారిని తెరిచి ఉంచుతుంది. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు దీన్ని మొదటిసారి ఒక రోగి మీద వాడి చూశారు. మరుసటి ఏడాది ‘లాన్సెట్’ పత్రికలో ఐదుగురు రోగుల వివరాలు అచ్చేశారు. ఆ తొలి రోజుల్లో ఒక్కొక్క రోగి ముక్కుకు అచ్చు తీసి, ఆ కొలతకే మాస్కు తయారుచేసి, రోజూ రాత్రి జిగురుతో ముఖానికి అతికించేవారట. పొద్దున పీక్కోవడం ఎంత బాధో ఊహించుకోండి. కానీ ఒకటి, ఆ మాస్కు ఆ ఒక్క ముఖానికే పుట్టింది. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి చిన్నది, మధ్యది, పెద్దది అంటూ కొన్ని సైజుల్లోనే వస్తోంది. కుదిర్చే పని మన మీద పడింది.

ఇక ఫుల్ ఫేస్ మాస్కు. పేరు చూసి ముఖమంతా కప్పేస్తుందని భయపడకండి, ముక్కునూ నోటినీ కలిపి కప్పుతుంది, అంతే. మీలో చాలామంది ఇదే పెద్దది కాబట్టి ఇదే మంచిదనుకుంటున్నారు. నేనైతే అలా అనను. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందుగా ముక్కు మాస్కునే చూడమన్నాయి. నోటిని కూడా కప్పే మాస్కుకు అంచు పొడవు ఎక్కువ, లీకయ్యే చోట్లూ ఎక్కువ, చాలామందికి ఒత్తిడి కూడా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. కాబట్టి అసలు మీకు నోరు తెరిచి నిద్రపోయే అలవాటుందా, ముక్కు మూసుకుపోతుందా అన్నది ముందు తేల్చుకోండి. పొద్దున లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంటే, ముక్కు మాస్కు పెట్టినప్పుడు నోట్లోంచి గాలి తన్నుకొస్తుంటే ఫుల్ ఫేస్ మీకే. ముక్కు దూలం వంకరనో, లోపల కండ పెరిగిందనో, ఎలర్జీ అనో తెలిస్తే ఈఎన్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించండి. ముక్కు బాగుపడితే చిన్న మాస్కే సరిపోవచ్చు.

మిర్చి సంగతి ఇక్కడే వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన మానుకోట జిల్లాలో కాయ ఎండని వాకిలి ఉండదు. ఆ ఘాటుకు ముక్కులు వాచి, ఏడాదంతా ముక్కు మాస్కుతో హాయిగా పడుకున్నవాళ్లు కూడా ఆ నాలుగు నెలలూ నోటితో పీలుస్తారు. అలాంటివారు డాక్టరుతో మాట్లాడి రెండు రకాలూ దగ్గర ఉంచుకోవడం మంచిది. ఇంకొకటి, మిషను వెనక గాలి పీల్చే చోట చిన్న ఫిల్టరు ఉంటుంది. కల్లం రోజుల్లో అది తొందరగా ఎర్రబడుతుంది. కాయ పోసిన గదిలో మిషను పెట్టొద్దు. వారానికోసారి ఫిల్టరు తీసి చూడండి, రంగు మారితే మార్చేయండి.

ఫుల్ ఫేస్‌లోనూ రెండు జాతులున్నాయి. పాతరకం మాస్కు పై అంచు ముక్కు దూలం మీద కూర్చుంటుంది. కొత్తరకం ముక్కు కిందే ఆగి, రంధ్రాలకు ఆనుకుని ఉంటుంది. దూలం ఖాళీగా ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చదువుకోవచ్చు, మూసేసినట్టు ఊపిరాడని భయం కూడా తక్కువ. అయితే మీసంగల పెద్దమనుషులు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. పాతరకంలో మామూలు మీసం కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి భాగం) లోపలే ఉండిపోతుంది, అంచుకు అడ్డం రాదు. కొత్తరకంలో అంచు సరిగ్గా మీసం మీదనే కూర్చుంటుంది. గుబురు మీసమైతే వెంట్రుకల సందుల్లోంచి గాలి కారుతుంది. మీసం తీయమని చెప్పేంత ధైర్యం నాకు లేదు, పాతరకం చూడమని మాత్రం చెబుతాను. గడ్డం పెంచినవారికి రెండింటితోనూ కొంత తంటా తప్పదు. అమ్మల ముక్కుపుడక సంగతి దీనికి తలకిందులు. చిన్న పుడకైతే ఏ రకమైనా ఫర్వాలేదు. పెద్ద బేసరైతే పాతరకం కుషన్ దాన్ని చెంపకేసి నొక్కుతుంది, ముక్కు కింద ఆగే రకం నయం.

సైజు కొలవడానికి దుకాణాల్లో ప్లాస్టిక్ కొలబద్ద లాంటిది ఉంటుంది. లేదంటే కంపెనీలు కాగితం మీద అచ్చువేసిన కొలత ఇస్తాయి. కొలిచేటప్పుడు నోరు కొద్దిగా తెరిచి ఉంచండి, ఎందుకంటే నిద్రలో దవడ జారుతుంది. పాతరకం మాస్కులో పై అంచు ముక్కు దూలం మీద, కింది అంచు పెదవికీ గడ్డానికీ మధ్య గుంటలో కూర్చోవాలి. పెదవి మీద కూర్చుంటే చిన్నదైనట్టు. గడ్డం కిందికి జారుతున్నా, పై నుంచి కళ్లలోకి గాలి కొడుతున్నా పెద్దదైనట్టు. కట్టుడు పళ్లున్న పెద్దలు రాత్రి వాటిని తీసేస్తారు కదా, కొలత కూడా తీసేశాకే ఇవ్వాలి. పళ్లు తీస్తే బుగ్గలు లోపలికి పోయి ముఖం ఆకారమే మారుతుంది.

ఇప్పుడు అసలు మాట. లీకు కనబడగానే మనవాళ్లు చేసే మొదటి పని పట్టీలు లాగి బిగించడం. లీకు ఆగదు, ఇంకా పెరుగుతుంది. చాలా మాస్కుల్లో కుషన్ అంచు రెండు పొరల సిలికాన్. లోపలి నుంచి గాలి నిండినప్పుడు పై పలుచటి పొర ఉబ్బి చర్మానికి అతుక్కుంటుంది, సైకిల్ ట్యూబులో గాలి కొడితే టైరుకు అతుక్కున్నట్టు. పట్టీ బిగిస్తే ఆ పొర నలిగి ముడతపడుతుంది, ముడతలోంచి గాలి పోతుంది. పైగా ముక్కు దూలం మీద ఎర్రటి గుంట, కొన్నాళ్లకు పుండు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. కింది పట్టీలు మరీ లాగితే మాస్కు దవడను వెనక్కి నెడుతుంది. దవడతో పాటు నాలుకా వెనక్కి పోతుంది. ఏ దారి తెరవడానికి ఇంత ఖర్చుపెట్టామో ఆ దారినే మన చేత్తో మనం ఇరుకు చేసుకుంటున్నామన్నమాట.

కాబట్టి ఇలా చేయండి. మంచం మీద పడుకుని, మీరు పడుకునే దిండు మీదనే తలపెట్టి, పట్టీలు వదులుగా ఉంచి మిషను ఆన్ చేయండి. గాలి వస్తుండగా మాస్కును ముఖం నుంచి కొంచెం పైకి లేపి మళ్లీ వదలండి. కుషన్ తనంతట తాను సర్దుకుంటుంది. అప్పుడు కింది పట్టీలు రెండూ సమంగా, తర్వాత పైవి, లీకు ఆగేంతవరకే. పక్కకు తిరగండి, రెండో పక్కకూ తిరగండి. కూర్చుని కుదిరిన మాస్కు పడుకుంటే కుదరదు, చెంపల కండ పక్కకు జారుతుంది.

చాలా మిషన్లు తక్కువ ఒత్తిడితో మొదలై రాత్రి దాన్ని పెంచుతాయి. పడుకోబోయే ముందు ఒత్తిడి అంకె నాలుగు దగ్గర ఉన్నప్పుడు చక్కగా కుదిరిన మాస్కు, అర్ధరాత్రి ఆ అంకె పన్నెండుకు చేరేసరికి ఈల వేస్తుంది. వదినగారి ఇంట్లో జరుగుతున్నది బహుశా ఇదే. కొన్ని మిషన్లలో మాస్కు ఫిట్ అనే ఆప్షను ఉంటుంది. అది నొక్కితే కాసేపు ఎక్కువ ఒత్తిడి పంపి, కుదిరిందో లేదో నవ్వుముఖం బొమ్మతో చెబుతుంది. రెస్‌మెడ్ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటిన లీకునే ఎక్కువ లీకు అంటారు. అంటే కొద్దిపాటి లీకుకు కంగారుపడక్కర్లేదు. మాస్కు మీద సన్నటి బెజ్జాలుంటాయి, వాటిలోంచి ఎప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది. అది లీకు కాదు, మనం వదిలిన గాలి బయటికి పోయే దారి. వాటికి టేపు అతికించినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఈ బెజ్జాలు అసలే లేని మాస్కులు కూడా బజారులో ఉన్నాయి. అవి ఆస్పత్రి వెంటిలేటర్ల కోసం చేసినవి. ఎవరి ఇంట్లోనో కరోనా నాటి మాస్కు మిగిలిందని ఊరికే ఇస్తే తీసుకుని సీప్యాప్‌కు తగిలించవద్దు. వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది.

కరెంటు పోతే ఎలా అని బయ్యారం మిత్రుడొకరు అడిగారు. మంచి ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయిన వానలు మనం చూసినవాళ్లమే. అలాంటి రాత్రి కరెంటు పోతే మిషను ఆగుతుంది. ముక్కూ నోరూ రెండూ మూసి ఉన్నాయి కదా అని భయం. అందుకే ఫుల్ ఫేస్ మాస్కులో ట్యూబు తగిలే చోట ఒక చిన్న వాల్వు ఉంటుంది. గాలి ఆగిన వెంటనే అది తెరుచుకుని గది గాలిని లోపలికి రానిస్తుంది. కొనేటప్పుడే మాస్కు పెట్టుకుని, మిషను ఆపించి, ఊపిరి తీసుకోగలుగుతున్నారో లేదో చూడండి. కడిగేటప్పుడు ఆ వాల్వు రెక్క చిరగకుండా, దానికి మురికి పట్టకుండా చూసుకోండి. ఇన్వర్టరు ఉంటే మంచిదే. తేమ ఇచ్చే హ్యుమిడిఫయరు ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాన్ని ఆపేస్తే మిషను ఎక్కువసేపు వస్తుంది.

అయస్కాంతం క్లిప్పులున్న మాస్కులు తీసి పెట్టుకోవడానికి భలే సులువు. చేతుల్లో పట్టు తగ్గిన పెద్దలకు వరమే. కానీ గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మెదడులో లోహపు క్లిప్పులు వేయించుకున్నవారు వాటి జోలికి పోవద్దు. 2022 సెప్టెంబరులో ఫిలిప్స్ కంపెనీ తన మాస్కుల గురించి ఈ హెచ్చరిక ఇచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ ఇచ్చాయి. మీ ఒంట్లో ఏమీ లేకపోయినా పక్కన పడుకునే మనిషికి పేస్‌మేకర్ ఉంటే అదే జాగ్రత్త.

ఇంకో జాగ్రత్త కూడా మొహమాటం లేకుండా రాస్తాను. కల్లో, మందో ఎక్కువగా పుచ్చుకున్న రాత్రి ఫుల్ ఫేస్ మాస్కు ప్రమాదం. వాంతి అయితే పోవడానికి చోటుండదు. పైగా మత్తులో గొంతు కండరాలు ఇంకా వదులై జబ్బు పెరుగుతుంది. మాస్కును తమ చేత్తో తాము తీసుకోలేనివారికి కూడా, మనిషి కనిపెట్టుకుని లేకపోతే, ఇది పెట్టకూడదు.

రాత్రి తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు మనది. రాసుకోండి, కానీ పొద్దున. నూనె ముఖానికి దిగితే అంచు జారుతుంది, సిలికాన్ కూడా తొందరగా పాడవుతుంది. పడుకునేముందు ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి, ఆ రాత్రికి సగం లీకు అక్కడే తగ్గుతుంది. వేసవిలో చెమటకూ ఇదే మందు. కుషన్‌ను రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. డెట్టాలు, స్పిరిట్ వద్దు. మెమరీ ఫోమ్ కుషన్ ముఖానికి మెత్తగా ఉంటుంది గానీ దాన్ని నీళ్లలో కడగకూడదు, తరచు మార్చాలి. మన ఎండలకు, మన దుమ్ముకు నేను సిలికానే నయమంటాను.

కొనే దగ్గర ఒక మాట. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకున్న మాస్కును, కవరు విప్పాక వెనక్కి తీసుకునేవాళ్లు తక్కువ. ఖరీదు వేలల్లో ఉంటుంది, ఊరికే పోగొట్టుకోవద్దు. ఖమ్మమో, వరంగలో, హైదరాబాదో, మీరు స్లీప్ స్టడీ చేయించుకున్న చోటే రెండు మూడు రకాలు పెట్టి చూపించమని అడగండి. మీ మిషను కూడా బండిలో పట్టుకెళ్లండి. అడగడానికి సిగ్గుపడకండి, పడుకుని చూస్తామని కూడా చెప్పండి. కుషన్ విడిగా దొరుకుతుందా, పట్టీలు విడిగా దొరుకుతాయా అని కొనకముందే తెలుసుకోండి. దొరకకపోతే అంచు పాడైన రోజున మొత్తం మాస్కు మళ్లీ కొనాలి.

డోర్నకల్ వదినగారూ, అన్నగారి పట్టీలు ఇవాళే కాస్త వదులు చేయించండి. ఈల తగ్గిందో లేదో నాకు రాయండి. మిగతావారంతా మీ ముఖానికి ఏ రకం కుదిరిందో, ఏది కుదరలేదో రాయండి. ముఖ్యంగా మీసాలవాళ్లు, ముక్కుపుడకలవాళ్లు. వచ్చిన జాబులన్నీ కలిపి వచ్చే ఉత్తరంలో వేస్తాను.

ఉంటాను మరి,
మీ గార్ల మిత్రుడు