అన్నయ్యా, కనబడుతోందా?

సంక్రాంతికి కర్లపాలెంలో మా అక్కవాళ్లింటికి వెళ్తే నాకు రెండే పనులు. అరిసెలు తినడం, మేనల్లుడితో కంప్యూటర్లో యుద్ధం చేయడం. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడాది, రోజూ బాపట్ల వెళ్లొస్తాడు. నాకు ముప్ఫై ఆరు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అన్నమాట వినబడగానే వంటింట్లోంచి అక్క ‘ఇద్దరికీ ఒకటే వయసు’ అని దీవిస్తుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. పొలం దున్నించాలి, చెట్లు కొట్టించాలి, ఆ సంపాదనతో సైన్యాన్ని పెంచి ఎదుటివాడి కోట కూల్చాలి. 1999లో వచ్చిన దాని రెండో భాగాన్ని నేనూ మా పెదనాన్న కొడుకూ బాపట్లలో ఒక నెట్ సెంటర్లో నేర్చుకున్నాం. వరసగా కంప్యూటర్లు, వాటిని కలుపుతూ వైర్లు. అన్నయ్య పక్క కుర్చీలో కూర్చునే నా మీదికి గుర్రాల్ని తోలేవాడు. ఆలస్యమన్న మాటే లేదు... తిట్టుకోవడానికి కూడా!

ఆ అన్నయ్య ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఈసారి కనుమ సాయంత్రం మేనల్లుడు మెల్లగా అన్నాడు... ‘మావయ్యా, డల్లాస్ మావయ్యని కూడా రమ్మన్నా. ముగ్గురం ఒక జట్టు’. నేనేమీ అనలేదు. మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని నాలుగేళ్లు దాటింది.

వాడికి తెలిసిన గొడవ వేరు. ‘మీ ఇద్దరితో ఆడితే నా రేటింగ్ పోతుంది’ అన్నది వాడి బాధ. ఈ ఆటలో కొత్తగా చేరినవాళ్లకు వెయ్యి పాయింట్లిస్తారు. గెలిస్తే పెరుగుతాయి, ఓడితే తరుగుతాయి. దాదాపు సమానంగా ఉన్నవాళ్లను వెతికి కంప్యూటరే జతకడుతుంది. అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ చదరంగం కోసం వేసిన లెక్క ఇది. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో తీసుకుంది. మన హంపి, హరికృష్ణల రేటింగులూ ఆ పద్ధతిలోవే. రెండొందల పాయింట్లు ఎక్కువున్నవాడు నాలుగు ఆటల్లో మూడు పాయింట్లు తెచ్చుకుంటాడని అంచనా. మావాడికి 1300 దాటాయి. నావి ఎన్నని అడక్కండి!

నాకు నచ్చేదేమిటంటే, ఆ లెక్కకు ఊరు తెలియదు. కర్లపాలెం కుర్రాడూ ఫిన్లాండ్ కుర్రాడూ దానికి ఒకటే. కానీ వైరుకు ఊరు తెలుసు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్నుంచి డల్లాస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. తిన్నగా తీగ లాగినా, పోయి రావడానికి సెకనులో ఏడో వంతు. సముద్రం అడుగున కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి అంతకన్నా ఎక్కువే. ఇక మావాడు వాడేది ఫోన్ హాట్‌స్పాట్. కిటికీ దగ్గర ఓ రకం, మంచం మీద ఇంకో రకం.

1997లో మొదటి భాగం తయారుచేసినవాళ్లకు ఇంకా పెద్ద తిప్పలు. టెలిఫోన్ మోడెం మీద వందల మంది సైనికుల కదలికలు పంపడం కుదరదు. అందుకని సైన్యాన్ని పంపకుండా ఆజ్ఞల్నే పంపారు. ‘ఫలానా గుంపు ఫలానా చోటికి’... అంతే. ప్రతి కంప్యూటరూ మిగతా లెక్క తనే వేసుకుంటుంది. ఇప్పుడిచ్చిన ఆజ్ఞ రెండు వంతుల తర్వాత అమలవుతుంది. అందరి ఆజ్ఞలూ అందరికీ చేరాకే ఆట ముందుకు కదులుతుంది. ఒక్కడి లైను నెమ్మదిస్తే అందరూ ఆగాల్సిందే. పాల్ బెట్నర్, మార్క్ టెరానో ఈ సంగతులన్నీ 2001లో రాశారు. వాళ్లు గమనించిన ఇంకో విషయం... పావు సెకను ఆలస్యాన్ని ఆటగాళ్లు పట్టించుకోరట. అరసెకనుకూ అలవాటుపడతారు. ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా ఉంటేనే చిరాకుపడతారట.

అన్ని ఆటలూ అలా ఆగవు. 2020 ఆగస్టు 30న తొలి ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు కనెక్షన్ తెగింది. గడియారాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఇద్దరూ టైం అయిపోయి ఓడారు. హంపి, హరికృష్ణ ఉన్న జట్టది. ఫిర్యాదు చేశాక రష్యానూ మననూ కలిపి విజేతలుగా ప్రకటించారు.

మాకు ఫిర్యాదు చేసుకోవడానికెవరూ లేరు. 2021 మేలో పెదనాన్న కరోనాతో పోయాడు. అన్నయ్య రాలేని రోజులు. తలకొరివి నేనే పెట్టాను. బావ పక్కన నిలబడి ఫోన్లో వీడియో చూపించాడు. సరిగ్గా నేను నిప్పు అందుకున్నప్పుడు బొమ్మ ఆగిపోయింది. గొంతు మాత్రం వస్తోంది. ‘ఏమైందిరా? కనబడట్లేదురా...’ బొమ్మ తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక్క నిమిషం ఆగమని కాటికాపరికి నేను చెప్పలేదు. ఆ మాట అన్నయ్య అనలేదు. నేనూ ఎత్తలేదు. తర్వాత ఫోన్లన్నీ క్షేమసమాచారాలే.

సాయంత్రం ఏడున్నర. డల్లాస్‌లో పొద్దున ఎనిమిది. ఆట బాగానే సాగుతుండగా అక్క పిలిచిందని మేనల్లుడు ఫోన్ తీసుకుని వంటింట్లోకి నడిచాడు. అంతే, తెర బిగుసుకుపోయింది. మా ఇద్దరికే కాదు, అన్నయ్యకూ, ఎదుటి ముగ్గురికీ. నేనూ అన్నయ్యా మాట్లాడుకుంటున్నది నా ఫోన్లో. అందులోంచి గొంతు... ‘ఏమైందిరా?’

‘మా దగ్గరే అన్నయ్యా. నువ్వేం పోగొట్టుకోలేదు. మేం వచ్చేదాకా అది కదలదు’ అన్నాను.

పదిహేను సెకన్లేమో. మేనల్లుడు పరుగున వచ్చి ఫోన్ కిటికీలో పెట్టాడు. గుర్రాలు ఎక్కడ ఆగాయో అక్కణ్నుంచే కదిలాయి. అరగంటలో చిత్తుగా ఓడాం. మావాడి పాయింట్లు తగ్గాయి. వాడు మా ఇద్దర్నీ కలిపి ఓ మాట అని అన్నానికి పోయాడు.

అన్నయ్య ఫోన్ పెట్టెయ్యలేదు. కాసేపాగి, ‘ఆ రోజు బొమ్మ ఆగాక ఏం జరిగిందో చెప్పరా’ అన్నాడు.

మొదట్నుంచీ చెప్పాను. అక్క రెండుసార్లు భోజనానికి పిలిచింది.