పాచి

మా మదర్సాలో వుజూ చేసే హౌజు గట్టును ప్రతి శుక్రవారం పిల్లలచేత కొబ్బరిపీచుతో రుద్దిస్తాను. విశాఖ సముద్రగాలిలోని తేమకు ఒక్క వారం మానినా రాతిమీద జిగురు పొర పేరుకుంటుంది. బ్లీచింగు పొడి చల్లి ఊరుకుంటే పాచి పోదనీ, ముందు రుద్దాలనీ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ మాట నా నోటికీ వర్తిస్తుందని యాభై ఆరో ఏట గానీ తెలియలేదు.

నాకు పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. చిగుళ్లనుంచి రక్తం వస్తున్నా పట్టించుకోలేదు. ఒకనాడు తజ్వీద్ పాఠంలో 'జాల్' అక్షరం పలికించబోతే నాలుక కొన తగిలి ముందుపన్ను కదిలింది. ఆ అక్షరం పుట్టేదే పై ముందుపళ్ల అంచున. ఆ పళ్లు పోతే నేను పిల్లలకు నేర్పేదేమిటి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్షించిన దంతవైద్యురాలు చిగుళ్ల సందుల్లో గార తీసి, ఆపై లేజరు కాంతి వేస్తామన్నది. ఉక్కునగరం వాళ్లం కదా, లేజరంటే ఇనుమును కోసే మంటే గుర్తొచ్చి భయపడ్డాను.

"ఇది కోసేది కాదు మాస్టారూ, వేడి కూడా తగలదు. అయినా ఇది రెండో పని. ముందు గీకాలి" అన్నదామె.

పంటి పాచి వట్టి మురికి కాదట. సూక్ష్మజీవులు గుంపుగా చేరి, తామే జిగురు స్రవించి కట్టుకున్న కోట. దీనినే బయోఫిల్మ్ అంటారు. మందు లోపలిదాకా చొరబడదు. డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పంటి పాచిని సూక్ష్మదర్శినిలో చూసి 1683లోనే లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. పుక్కిలించిన వెనిగరు పైనున్న జీవులనే చంపిందనీ, లోపలికి చేరలేదనీ గమనించాడు.

1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, ఒక రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుగు సోకితే చనిపోతున్నాయని ప్రకటించాడు. నాకు చేసిన చికిత్సకు మూలం అదే. గార తీశాక సందుల్లో నీలి రంగు ద్రవం నింపి, సన్నని గొట్టంతో ఎర్రని లేజరు కాంతి ప్రసరింపజేశారు. ఆ కాంతిని గ్రహించిన రంగు, అక్కడి ప్రాణవాయువును చురుకైన రూపంలోకి మార్చి సూక్ష్మజీవుల పొరలను దెబ్బతీస్తుంది. రంగూ వెలుగూ చేరినంత మేరకే దాని ప్రభావం. గట్టిపడిన గారను అది కరిగించలేదు. రోజూ పేరుకునే పాచిని ఆపలేదు.

అల్లాహ్ దయవల్ల రక్తస్రావం ఆగింది. పన్ను ఇంకా కొద్దిగా కదులుతూనే ఉంది. మధుమేహం చిగుళ్లను పాడుచేస్తుందనీ, పాడైన చిగుళ్లు మధుమేహాన్ని అదుపు తప్పిస్తాయనీ అప్పుడే తెలిసింది. మన ఇళ్లలో చక్కెర జబ్బు ఉన్న పెద్దలెందరో! వారి చిగుళ్లను కూడా ఒకసారి వైద్యునికి చూపించండి.

దైవప్రవక్త (సల్లం) మిస్వాక్‌ను ఎంతగా ప్రేమించేవారో ఏటా పాఠం చెప్పేవాణ్ణి. నా మిస్వాక్ మాత్రం జేబులో ఎండిపోయి ఉండేది. శరీరం మనకు అప్పగించిన అమానతు అని బోధించిన నోటినే నేను కాపాడుకోలేదు.

మొన్న శుక్రవారం కొబ్బరిపీచు పట్టుకొని పిల్లలతోపాటు నేనూ హౌజు గట్టున కూర్చున్నాను.