మారేడుమిల్లి దారిలో ఒక తెల్లవారుజాము

రాజమండ్రి నుండి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం వరకు పొలాలు, జీడిమామిడి తోటలు కనబడతాయి. రంపచోడవరం దాటాక అడవి రోడ్డుకు దగ్గరగా వచ్చేస్తుంది. మారేడుమిల్లి తరువాత ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ చింతూరు వైపు సాగిపోతుంది. వెదురు బొంగులో కాల్చిన కోడికూర కోసం, వాగుల అందం కోసం పట్నాలవారు ఎందరో ఈ దారిన వస్తారు. మేము మాత్రం 2023 జనవరిలో, లోపలి కొండరెడ్ల పల్లెలో ఒక వివాహానికి వెళ్ళాము.

మాది పాత చిన్న పెట్రోలు కారు. దాని బ్యాటరీకి నాలుగేళ్ళు దాటాయి. అంతకు ముందు మే నెలలోనే మెకానిక్ చూసి, “వానాకాలం లోపు మార్చేయండి” అని చెప్పాడు. పిల్లల ఫీజులు కట్టవలసిన రోజులు గనుక “ఇంకొన్నాళ్ళు చూద్దాం” అనుకున్నాము. ప్రయాణానికి వారం ముందు రెండు ఉదయాలు స్టార్టరు మూలిగినట్టు తిరిగింది. మూడో రోజు బాగానే అందుకుంది. అంతే, ఆ సంగతి మరచిపోయాము.

వివాహం అయిన రాత్రి పల్లెలోనే పడుకున్నాము. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తట్టారు. ఇంటివారి మనవడికి రెండు రోజులుగా చలిజ్వరం. అప్పుడే ఫిట్స్ వచ్చింది. ఆరేళ్ళవాడు. ఆ పల్లెలో సెల్‌ఫోను సిగ్నల్ లేదు. మంచులో, చలిలో ఆ పిల్లవాణ్ణి మోటారు సైకిలు మీద తీసుకువెళ్ళే వీలు లేదు. ఉన్నది మా కారొక్కటే.

నాయనమ్మ వాణ్ణి దుప్పటిలో చుట్టుకొని వెనుక సీటులో కూర్చుంది. తాళం తిప్పాము. “టక్ టక్” మన్నది గాని ఇంజను తిరుగలేదు. మళ్ళీ తిప్పాము. లోపలి దీపం కూడా మసకబారింది. ఆమె ఒక్క మాట అనలేదు. అననందుకే మాకు మరింత సిగ్గు వేసింది.

పెళ్ళికి వచ్చిన కుర్రవాళ్ళు నలుగురు లేచి వచ్చి, “వాలు దాకా తోద్దామండి” అన్నారు. తాళం ఆన్‌లో పెట్టి, క్లచ్ నొక్కి, రెండో గేరులో ఉంచాము. బండి వేగం అందుకున్నాక క్లచ్ వదిలాము. మొదటిసారి కుదుపుతో ఆగిపోయింది. రెండోసారి ఇంజను అందుకుంది. అప్పటికి అరగంట గడిచింది. మారేడుమిల్లిలో ప్రథమ చికిత్స చేయించి రంపచోడవరం ఆసుపత్రికి చేర్చేవరకు ఇంజను ఆపలేదు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మూడో రోజుకు వాడు లేచి కూర్చొని గంజి త్రాగాడు. వాడు బ్రతికాడు గాని, ఆ అరగంట మాత్రం మా లెక్కలోనే ఉండిపోయింది.

ఎండాకాలమంతా పనిచేసిన బ్యాటరీ చలిలో ఎందుకు మొరాయించింది? రాజమండ్రిలో దుకాణదారుడు ఓపికగా చెప్పాడు. బ్యాటరీలో సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లం ఉంటాయి. ఎండవేడికి నీరు ఇగిరిపోతుంది, పలకలు త్వరగా తినుకుపోతాయి. దెబ్బ మే నెలలో తగులుతుంది. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. అప్పుడు ఆ దెబ్బ బయటపడుతుంది.

అతడు వెంటనే కొత్తది అమ్మజూపలేదు. ముందు టెర్మినళ్ళ మీది తెల్లని, పచ్చని పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగాడు. ఒక్కోసారి జబ్బంతా అక్కడే ఉంటుందట. తరువాత మీటరు పెట్టాడు. నిండా ఛార్జి ఉండి, బండి ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వరకు ఉండాలి. అంత రాకపోతే లోపం ఆల్టర్నేటరులో గాని వైరింగులో గాని ఉండవచ్చు. అది చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ పడుకుంటుంది. మా ఆల్టర్నేటరు బాగానే ఉంది. బ్యాటరీని ఛార్జి చేసి లోడ్ పరీక్ష చేస్తే నిలువలేదు.

కొత్తది కొనేటప్పుడు చూడవలసినవి ఇవి. మొదట కారు పుస్తకంలో వ్రాసిన కొలత, ఆంపియర్ అవర్, ప్లస్ టెర్మినల్ ఏ వైపు ఉండాలన్న సంగతి. మా కారుకు 35 సరిపోతుంది. డీజిలు బండ్లకు సాధారణంగా ఎక్కువ కావాలి. ట్రేలో కదలకుండా బిగియాలి. సిగ్నలు దగ్గర తనంతట ఆగి, తనంతట స్టార్టయ్యే కార్లకు ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటుంది, మామూలుది వేయకూడదు. రెండవది తయారీ తేదీ. నెలల తరబడి అరలో ఊరకే ఉన్నది చవకగా ఇచ్చినా లాభం కాదు. మూడవది వారంటీ. “నాలుగేళ్ళు” అన్నప్పుడు అందులో ఎన్ని నెలలకు ఉచితంగా మార్చి ఇస్తారో, ఎన్ని నెలలకు ధరలో కొంత మాత్రమే తగ్గిస్తారో అడగాలి. కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. పాతది దుకాణంలోనే ఇచ్చేస్తే ధరలో తగ్గిస్తారు. దానిని పెరట్లో పగులగొట్టకూడదు. సీసం మట్టికీ, పిల్లలకూ విషం.

ఇంట్లో బ్యాటరీ విప్పవలసి వస్తే మైనస్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. దగ్గర బీడీగాని అగ్గిపుల్లగాని వెలిగించకూడదు. అందులోనుండి మండే వాయువు వస్తుంది. తోసి స్టార్టు చేయడం గేర్లు చేతితో మార్చే బండ్లకే చెల్లుతుంది. ఆటోమేటిక్ బండికి అది కుదరదు గనుక జంపర్ వైర్లు వెంట ఉంచుకోవడం మంచిది.

తరువాతి వేసవిలో మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాము. పిల్లవాడు మా కారు ముందు నిలబడి, “ఇప్పుడు తోయాలా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గాని, ఇంటికి వచ్చి క్యాలెండరులో బ్యాటరీ కొన్న తేదీని ఎర్ర సిరాతో వ్రాసిపెట్టాము. ప్రియ పాఠకులారా, బ్యాటరీ చెప్పకుండా చావదు. ముందు మూలుగుతుంది. పల్లెలో కారున్న ఇంటి తలుపు ఏ రాత్రి ఎవరు తడతారో తెలియదు. ఆ మూలుగు విన్న వారమే దానిని పరీక్ష చేయించండి.