రేటు తగ్గదు, పని తగ్గుతుంది

"ఆన్‌లైన్‌లో ఇదే ఫొటో మూడొందలకి చేసిస్తున్నారండి, మీదేంటి ఇంత?" అరకులో ఉంటూ, కొరియర్‌లో వచ్చిన శాంపిళ్లకు ప్రొడక్ట్ ఫొటోలు తీసి పంపే నాకు ఈ మాట మామూలే.

నా లెక్క ఇలా ఉంటుంది. ఇంటి ఖర్చు, ఇంటర్నెట్, కెమెరా అరుగుదల, పొదుపు కలిపి నెలకు 45,000 కావాలనుకుందాం. బేరాలకు, బిల్లుల వసూలుకు పోయేవి పోగా, డబ్బొచ్చే పని రోజులు 15 మిగులుతాయి. అంటే రోజుకు 3,000. ఫైవర్ అనే ఫ్రీలాన్స్ పనుల వెబ్‌సైటు ద్వారా పని వస్తే, అది మన సంపాదనలో 20 శాతం కమిషన్ పట్టుకుంటుంది. చాలామంది 3,000కి 20 శాతం కలిపి 3,600 అడుగుతారు. కమిషన్ పోతే చేతికొచ్చేది 2,880. కలపకూడదు, 0.8తో భాగించాలి. అప్పుడు 3,750 వస్తుంది. అంతకన్నా దిగితే ఆ లోటు పూడ్చేది మన పొదుపే.

ఈ రేటు నిలబడాలంటే తేడా కంటికి కనబడాలి. మా కాఫీ తోటల్లో జరిగిందీ అదే. గుత్తిలోని పళ్లన్నీ ఒకేసారి పండవు. నాణ్యత చూసుకునే రైతులు ఎర్రబడినవే కోసి, మిగతా వాటికోసం అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్తారు. కోసినవి నీళ్లలో పోసి, తేలినవి తీసేస్తారు. కూలి పెరుగుతుంది, కానీ ధర పలుకుతుంది. అరకు పేరుతోనే 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇదంతా చవకగా అమ్మితే వచ్చింది కాదు.

కొత్త క్లయింటుకు నేను ఒకే కాఫీ పౌచ్ ఫొటోలు రెండు పంపుతాను. ఒకదాంట్లో వెండి కవరు మీద ట్యూబ్‌లైటు గీత, ఫోను పట్టుకున్న చెయ్యి, మెరుపులో కలిసిపోయిన ఎమ్మార్పీ. రెండోది లైటుకు ట్రేసింగ్ పేపర్ అడ్డుపెట్టి తీసింది. అందులో ప్రతి అక్షరం చదవొచ్చు. మూడొందల ఫొటోతో పని జరిగిపోతుందనుకునేవాళ్లను అక్కడికే వెళ్లమంటాను.

నచ్చినా బడ్జెట్ లేదంటే రేటు ముట్టుకోను. పది ఫొటోల బదులు ఆరు, రెండుసార్ల మార్పుల బదులు ఒకసారి. సగం అడ్వాన్సు మాత్రం తప్పదు. ఇక్కడి చిన్న మహిళా సంఘాలకు తక్కువకే చేస్తాను. కానీ బిల్లులో పూర్తి రేటు వేసి, తగ్గింపు విడిగా చూపిస్తాను. లేదంటే ఆ తగ్గించిందే నా రేటని నలుగురికీ పాకిపోతుంది.