మళ్ల లేస్తనా

జూన్ 9, సోమవారం

మత్తుకు ముందు చూసే గదిలో ఈరోజు ఇరవై ముగ్గురు. ఎక్కువమంది మైండ్‌స్పేస్ వైపు ఆఫీసుల వాళ్లే. ఏ మత్తు ఇస్తారో ఫోన్లో చదువుకుని వస్తారు. నాడి చూడబోతే చేతులు మాత్రం చల్లగా ఉంటాయి.

చివర్లో కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మ. అరవై ఎనిమిదేళ్లు, మోకీలు మార్పిడి. కొడుకు కొండాపూర్‌లో ఉంటాడు. ఆమెను ఏమడిగినా ఆయనే జవాబు. సమ్మతి పత్రం మీదా తనే సంతకం పెట్టబోతే ఆపాను. "వివరాలు చెప్తే అమ్మ భయపడుతుంది మేడమ్." ఆయన ప్రేమను శంకించను. కానీ 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఈ సంగతే: కూతురు మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లలేదు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నాను.

తలుపు పడగానే ఆమె అడిగింది: "మళ్ల లేస్తనా బిడ్డా?"

వాళ్లక్క ఆపరేషన్‌కి పోయి లేవలేదట. ముప్ఫై ఏళ్ల కిందటి మాట, పేగు కుళ్లాక తీసుకుపోయారట. కొడుక్కి తెలియదు. కింది పన్ను కదులుతోందనీ అప్పుడే చెప్పింది. రెండూ కేసు షీట్లో రాశాను. నడుములో సూది వేస్తామని, కాళ్లు మొద్దుబారినా మెలకువగానే ఉంటుందని, బీపీ పడితే వికారంగా ఉండొచ్చని, దానికి మందు మా చేతిలోనే ఉంటుందని చెప్పాను.

"ఆ రోజు నువ్వే ఉంటవా?"

ఇక్కడ చూసేది ఒకరు, థియేటర్లో మత్తిచ్చేది మరొకరు. జవాబు చెప్పలేకపోయాను.

జూన్ 10, రాత్రి

'మళ్ల లేస్తనా' అన్న ప్రశ్న వదలడం లేదు. 1888, 89ల్లో ఈ హైదరాబాద్‌లోనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం అండతో, మత్తుకిచ్చే క్లోరోఫాంతో మనుషులెందుకు పోతున్నారో తేల్చడానికి రెండు కమిషన్లు నడిపాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆయన శిష్యురాలే. గుండెను కాదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అన్నాడు లారీ. ఊపిరి మాట ఇప్పటికీ నిజం. గుండె మాటే తప్పింది. క్లోరోఫాం పలచగా ఉన్నప్పుడు ఎడ్రినలిన్ ఎగదన్నితే గుండె లయ తప్పుతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. భయంలో ఒంట్లో ఊరేది ఆ ఎడ్రినలినే. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం కింద పోయిన పదిహేనేళ్ల హానా గ్రీనర్ ముందునుంచీ భయపడుతూనే ఉంది.

క్లోరోఫాం పోయింది, భయం పోలేదు. ముందురోజు డాక్టరు వచ్చి మాట్లాడిన రోగులు, నిద్రమందు ఒక్కటే తీసుకున్నవాళ్లకన్నా నెమ్మదిగా ఉన్నారని 1963లోనే ఎగ్బర్ట్ బృందం రాసింది. అన్నీ తెలిసీ మనిషికి ఆరు నిమిషాలిస్తున్నాం. నాకిది బాధగా ఉంది.

జూన్ 12, గురువారం

ఆమె ఆపరేషన్‌కి నేనే ఉండేలా డ్యూటీ మార్చుకున్నాను. ఒంటిమీద లోహం ఉండకూడదంటే పుస్తెలు కొడుక్కిచ్చి, పసుపుతాడు కట్టుకుని ఉంది. "ఐదింటికి గ్లాసెడు నీళ్లే తాగిన, నువ్వు చెప్పినట్టే."

కూర్చోబెట్టి వీపు వంచమన్నాను. ఇది స్పిరిట్, చల్లగా తగుల్తది. ఇప్పుడు చీమ కుట్టినట్టు. "చెప్పుకుంటనే ఉండు," అందామె, నర్సు భుజం పట్టుకుని.

ఆపరేషన్ సాగినంతసేపూ తల పక్కనే ఉన్నాను. సగంలో కళ్లు తెరిచింది.

"మావోడు తిన్నడా?"